అమ్మమ్మ, తాతయ్యల చేత వాళ్ళ కథ చెప్పించి వీడియో తీయడం ఎలా: చేతిలో ఉన్న ఫోన్‌తోనే, మొదటి నుంచి చివరిదాకా

"అమ్మమ్మా, నీ జీవితం గురించి చెప్పు" అని ఫోన్ ఎదురుగా పెట్టి అడిగి చూడండి, దాదాపు ఎవరింట్లో అయినా వచ్చే జవాబు ఒకటే: "ఏముందిరా నా మొహం, పుట్టాం, పెరిగాం, మిమ్మల్ని పెంచాం." అదే మనిషి సాయంత్రం అరుగు మీద పక్కింటావిడతో కూర్చుంటే ఎప్పుడో నలభై ఏళ్ళ కిందట ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగి విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయారో, ఆరోజు వాళ్ళు ఏ రంగు చీర కట్టుకున్నారో కూడా చెప్తుంది. అంటే గుర్తు లేక కాదు, చెప్పడం రాక కాదు, మనం అడిగిన తీరు బాలేదు, అంతే. అందుకే కింద కెమెరా సంగతులు కూడా చెప్తాను కానీ ఎక్కువ సేపు అడగడం గురించే మాట్లాడతాను. కెమెరా పని ఒక పూటలో వచ్చేస్తుంది, అడగడానికే టైం పడుతుంది.

ఎవరితో మొదలుపెట్టాలి, ఎప్పుడు

ఇంట్లో ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు ఉంటే బాగా మాట్లాడేవాళ్ళతో మొదలుపెట్టాలనిపిస్తుంది, వద్దు, వయసులో పెద్దవాళ్ళతో, లేదా ఈమధ్య పేర్లు తడబడుతున్నవాళ్ళతో మొదలుపెట్టండి. బాగా మాట్లాడేవాళ్ళు ఇంకో ఏడాది తర్వాతైనా మాట్లాడతారు.

చాలామంది "సంక్రాంతికి అందరం ఊరు వెళ్తున్నాం కదా, అప్పుడు తీసేద్దాం" అనుకుంటారు. పండక్కి అస్సలు వద్దు. ఇంటి నిండా జనం, పిల్లల గోల, వంటింట్లో అరిసెల పాకం, మధ్యలో ఎవరో వచ్చి "ఏంటత్తా సినిమా తీస్తున్నారా నిన్ను" అని నవ్వడం, ఇంకేం చెప్తారు వాళ్ళు. పండగ అయ్యాక రెండు రోజులు ఉండిపోండి, లేదా ఏ పనీ లేని మామూలు శనాదివారాలు చూసుకోండి. పండక్కి చేయాల్సిన పని ఒకటుంది, వచ్చిన చుట్టాలందరినీ "తాతయ్యని ఏమడగాలి" అని అడిగి రాసుకోండి, మీకు అసలు తెలియని సంగతులు అప్పుడు బయటపడతాయి.

పొద్దున టిఫిన్ అయ్యాక, తొమ్మిదిన్నర పది మధ్యలో మొదలుపెడితే మంచిది. బీపీ, షుగర్ మాత్రలు వేసుకుని ఉంటారు, మనిషి తేరుకుని ఉంటారు, ఎండ ముదరదు. మధ్యాహ్నం భోజనం తర్వాత మాత్రం ఎవరూ మాట్లాడలేరు, వాళ్ళని పడుకోనివ్వండి. ఒక్కో విడత నలభై ఐదు నిమిషాలు చాలు, బాగా ఊపు మీద ఉంటే గంట. అంతకు మించితే గొంతు పోతుంది, మర్నాడు "నా వల్ల కాదు నాయనా" అంటారు.

ముందే మాట్లాడుకోవాల్సిన మాట

దొంగచాటుగా తీయకండి. సహజంగా వస్తుంది కదా అని కొంతమంది ఫోన్ పక్కన పెట్టి తీసేస్తారు, తర్వాత తెలిస్తే ఆ మనిషి మళ్ళీ మీ ముందు నోరు విప్పరు. ఎందుకు తీస్తున్నామో, ఎవరెవరు చూస్తారో మామూలు మాటల్లో చెప్పండి. "యూట్యూబ్‌లో పెట్టను, మన ఇంట్లోవాళ్ళు, రేపు నా పిల్లలు చూస్తారు, ఏదైనా వద్దనిపిస్తే తీసెయ్యమని చెప్పు, తీసేస్తా" అనండి. తీసెయ్యమంటే నిజంగానే తీసెయ్యండి. పొలం పంపకాలు, రెండో పెళ్ళిళ్ళు, దత్తతలు, ఎవరు ఎవరికి బాకీ ఉన్నారు లాంటివి ఏ ఇంట్లో అయినా ఉంటాయి, అవి బయటికొస్తే గొడవలయ్యేది మీకు కాదు, వాళ్ళకి. బతికున్న మనిషి గురించి ఘాటుగా ఏదైనా అన్నారనుకోండి, ఆ ముక్క వేరే ఫైల్‌గా పెట్టుకుని అందరికీ పంపే దాంట్లోంచి తీసేయడం నా పద్ధతి.

ఒక పూట హోంవర్క్

వెళ్ళేముందు నాన్ననో, బాబాయినో, పెద్దమ్మనో కూర్చోబెట్టుకుని ఒక తెల్ల కాగితం మీద వంశవృక్షం గీయండి. పూర్తిగా రాదు, ఖాళీలు ఉంటాయి, ఆ ఖాళీలే మీ ప్రశ్నలు. తాతయ్య అన్నదమ్ములు ఎంతమంది, అమ్మమ్మ పుట్టిన ఊరేది, ఎవరు ఇల్లరికం వచ్చారు, ఎవరిది మేనరికం, ఎవరు పొట్ట చేతబట్టుకుని ఎక్కడికి పోయారు. శ్రీకాకుళం, విశాఖ వైపు ఇళ్ళలో "రంగం వెళ్ళాడు" అని ఒక ముత్తాత ఉంటాడు, రంగం అంటే రంగూన్. కరీంనగర్, నిజామాబాద్ వైపు దుబాయ్ పోయిన మామ ఉంటాడు, పద్మశాలీల ఇళ్ళలో షోలాపూర్, భివండి మగ్గాల కథలుంటాయి, కోస్తా రైతుల ఇళ్ళలో తుంగభద్ర కాలువ కింద పొలాలు కొని క్యాంపుల్లో ఉన్నవాళ్ళుంటారు, ఖరగ్‌పూర్ రైల్వేలో చేరినవాళ్ళుంటారు. ఇలాంటి కదలిక ఒకటి దొరికితే సగం కథ దొరికినట్టే, ఎందుకంటే ఊరు వదిలిన రోజు ఎవరికీ మరుపు రాదు.

ఊరి పేరు రాసుకునేటప్పుడు పాత తాలూకా పేరు కూడా పక్కన రాసుకోండి. మండలాలు వచ్చింది 1985లో, అంతకుముందు సంగతి చెప్పేవాళ్ళంతా తాలూకా, ఫిర్కా అనే అంటారు. దానికి తోడు తెలంగాణలో 2016లో, ఆంధ్రలో 2022లో జిల్లాలు మారాయి కాబట్టి "మాది ఫలానా జిల్లా" అంటే ఏ కాలం జిల్లానో ముందు తరాలకి అర్థం కాదు.

సంవత్సరాలు ఎలా రాబట్టాలి

"నువ్వు ఏ సంవత్సరంలో పుట్టావ్ తాతా" అని అడిగితే ఆధార్ కార్డు చూసుకోమంటారు, ఆధార్‌లో ఉన్నది చాలాసార్లు బళ్ళో మాస్టారు వేసిన తేదీ, లేకపోతే జనవరి 1. దాన్ని నమ్ముకోవద్దు. సంవత్సరం అడగొద్దు, అప్పుడు ఊళ్ళో ఏం జరిగిందో అడగండి. దానికోసం ఒక చిన్న చీటీ రాసి పక్కన పెట్టుకోవాలి, ప్రాంతాన్ని బట్టి మారుతుంది కానీ ఇంచుమించు ఇలా ఉంటుంది:

విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డది 1942 ఏప్రిల్. గాంధీ గారు పోయింది 1948 జనవరి, హైదరాబాద్ సంస్థానంలో పోలీస్ యాక్షన్ అదే ఏడు సెప్టెంబర్ (అక్కడి పెద్దవాళ్ళు రజాకార్ల కాలం అంటే దానికి ముందు రోజులు). కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం 1953, ఆంధ్రప్రదేశ్ 1956. అణాలు పోయి నయా పైసలు వచ్చింది 1957. నెహ్రూ పోయింది 1964. సాగర్ డ్యామ్‌కి శంకుస్థాపన 1955, కాలువలకి నీళ్ళొదిలింది 1967. తెలంగాణ ఉద్యమం 1969, జై ఆంధ్ర 1972. ఎమర్జెన్సీ 1975 నుంచి 77. దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19. అమెరికా వాళ్ళ అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని ఊళ్ళకి ఊళ్ళు భయపడి ఉన్న కోళ్ళూ మేకలూ కోసుకు తినేసింది 1979 జులై. సంపూర్ణ సూర్యగ్రహణం 1980 ఫిబ్రవరి 16. కిలో రెండు రూపాయల బియ్యం 1983. ఇందిరా గాంధీ పోయింది 1984. టీవీలో రామాయణం 1987, 88. గోదావరి పుష్కరాలు 1979, 1991, 2003, 2015, కృష్ణా పుష్కరాలు వాటికి ఒక ఏడాది తర్వాత.

ఇప్పుడు "ఉప్పెన నాటికి నీకు పెద్దమ్మ పుట్టిందా?" అని అడగండి. "పుట్టలేదు, కడుపులో ఉంది, ఏడో నెల, ఆ రాత్రి బల్ల మీదెక్కి కూర్చున్నా" అని వస్తుంది. ఒక్క దెబ్బకి పుట్టిన సంవత్సరమూ తెలిసింది, ఉప్పెన రాత్రి కూడా వచ్చేసింది. స్కైలాబ్ మాట ఎత్తితే అయితే పడీ పడీ నవ్వుతారు, వాళ్ళు బిగుసుకుపోయి ఉన్నప్పుడు వాడుకోవడానికి అది బాగా పనికొస్తుంది.

కొంతమంది వికృతి నామ సంవత్సరంలో అంటారు, అది 1950-51 (అరవై ఏళ్ళకి మళ్ళీ 2010-11). పాత దస్తావేజుల్లో ఫసలీ అని (పాత రెవెన్యూ లెక్క సంవత్సరం) ఉంటుంది, ఆ అంకెకి 590 కలిపితే ఇంచుమించు మన సంవత్సరం వస్తుంది. ఇవి కెమెరా ముందు లెక్క కట్టకండి, విన్నది వినండి, లెక్క ఇంటికెళ్ళి చూసుకోవచ్చు.

గది, చప్పుడు

బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా చూస్తారు, మాట వినపడకపోతే రెండు నిమిషాల్లో ఆపేస్తారు. కాబట్టి ముందు చెవులు పెట్టి గదిని వినండి. మన ఇళ్ళలో పెద్ద శత్రువు సీలింగ్ ఫ్యాను, మనకి అలవాటై వినపడదు గానీ రికార్డింగ్‌లో గాలివానలా ఉంటుంది. ఫ్యాను ఆపాలి, ఆపితే ఉక్క, పెద్దవాళ్ళు తట్టుకోలేరు, అందుకే పొద్దున పూట అన్నాను. మే నెలలో అయితే ముందు ఓ గంట కూలరో ఏసీయో వేసి గది చల్లబరిచి, ఆపి మొదలుపెట్టండి, ఇరవై నిమిషాలకోసారి రికార్డింగ్ ఆపి కూలర్ మళ్ళీ వేయండి. ఫ్రిజ్ పక్క గదిలో ఉంటే సరే, అదే గదిలో ఉంటే స్విచ్ తీసెయ్యండి, తీసేసి మీ బండి తాళాలు ఫ్రిజ్‌లో పెట్టండి, తాళాల కోసం వెళ్ళినప్పుడు మళ్ళీ ఆన్ చేయడం గుర్తొస్తుంది. కుక్కర్ విజిల్, మిక్సీ, టీవీ సీరియల్, వీధిలో చెత్తబండి పాట, మైకులో ఉల్లిపాయలమ్మే ఆటో, ఇవన్నీ ఏ టైముకి వస్తాయో ముందురోజే గమనించండి. ఉల్లిపాయల ఆటో వచ్చినప్పుడు నవ్వేసి ఆగండి, అది వెళ్ళాక "ఆ, ఏదో చెప్తున్నావ్" అనండి.

మైకు కొనాలా అంటే కొనండి. కాలర్‌కి పెట్టుకునే వైరు మైకు చవకలో దొరుకుతుంది, మీ ఫోన్‌కి టైప్-సి ఉందా, గుండ్రటి జాక్ ఉందా చూసి దానికి తగ్గది తీసుకోండి. గడ్డానికి జానెడు కింద, పమిట అంచుకో చొక్కా గుండీ దగ్గరో పెట్టాలి. అమ్మమ్మ మెళ్ళో నల్లపూసలు, గొలుసు మైకుకి తగిలి టకటకమంటాయి, గాజుల చేత్తో పమిట సర్దుకున్నా అంతే, అందుకని మైకు ఒక పక్కకి పెట్టండి. మైకు లేకపోతే ఇంకో ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి వాళ్ళ పక్కన దిండు మీద పెట్టేయండి. రెండూ మొదలయ్యాక ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి, తర్వాత ఆ శబ్దం చూసుకుని వీడియోకి దీన్ని అతికించొచ్చు. మైకు ఉన్నా సరే ఈ రెండో ఫోన్ పెట్టడం మానొద్దు, ఒకటి ఆగిపోతే ఇంకోటి ఉంటుంది.

ఫోన్ సెట్టింగ్స్, త్వరగా చెప్పేస్తా

లెన్సు మెత్తటి గుడ్డతో తుడవండి. సెల్ఫీ కెమెరా కాదు, వెనక కెమెరా. అడ్డంగా పెట్టండి, నిలువుగా వద్దు. 1080పి, సెకనుకి 30 ఫ్రేములు సరిపోతుంది, ఫోన్‌ని బట్టి గంటకి నాలుగు నుంచి ఎనిమిది జీబీ దాకా తింటుంది, 4కే పెడితే ఇంకా ఎక్కువ, పైగా ఫోన్ వేడెక్కి ఆగిపోతుంది. ముందే ఇరవై జీబీ ఖాళీ చేసుకోండి. ఫ్లైట్ మోడ్ పెట్టండి, కాల్ వస్తే కొన్ని ఫోన్లలో రికార్డింగ్ ఆగిపోతుంది. ట్యూబ్‌లైట్ కింద తీస్తే బొమ్మ మీద చారలు పాకుతుంటాయి, మన కరెంటు 50 హెర్ట్జ్ కావడం వల్ల అది, ప్రో మోడ్ ఉంటే షట్టర్ 1/50 పెట్టండి, అదంతా ఎందుకనుకుంటే లైట్లాపేసి కిటికీ వెలుతురులో తీయండి. కిటికీ వాళ్ళ మొహానికి ఎదురుగానో పక్కగానో ఉండాలి, వీపు వెనక ఉంటే మొహం నల్లగా పడుతుంది. వసారా, మండువా ఉన్న ఇల్లయితే అదృష్టం, అక్కడే కూర్చోబెట్టండి.

ఫోన్ వాళ్ళ కళ్ళ ఎత్తులో ఉండాలి. ట్రైపాడ్ లేకపోతే స్టూలు మీద బియ్యం డబ్బా, దాని మీద పుస్తకాలు పెట్టండి, కదలకుండా ఉంటే చాలు. మీరు ఫోన్ పక్కనే, దానికి తగిలేంత దగ్గరగా కూర్చోవాలి, వాళ్ళు ఫోన్‌ని కాదు మిమ్మల్ని చూసి చెప్పాలి. వినికిడి తక్కువైతే ఏ చెవి బాగా పనిచేస్తుందో అటు కూర్చోండి. కట్టుడు పళ్ళు ఉంటే పెట్టుకోమనండి. మంచి కుర్చీ వేస్తానని వాళ్ళు రోజూ కూర్చునే మడతకుర్చీనో మంచాన్నో మార్చకండి, అలవాటైన చోట కూర్చుంటేనే మాట వస్తుంది. చీర మార్చుకుని తల దువ్వుకుని వస్తానంటే మాత్రం ఆగండి, అది వాళ్ళిష్టం. ఒక్క నిమిషం ట్రయల్ తీసి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. తర్వాత మొదలు.

మొదటి పది నిమిషాలు

రికార్డ్ నొక్కగానే తేదీ, ఊరు, మీ పేరు, వాళ్ళ పేరు మీరే పైకి చెప్పండి. తర్వాత వాళ్ళని ఇంటిపేరుతో సహా పూర్తి పేరు చెప్పమనండి. ఆడవాళ్ళని పుట్టింటి ఇంటిపేరు కూడా అడగండి, పెళ్ళిలో పేరు మార్చారేమో కూడా అడగండి, చాలామందికి మార్చారు, ఆ పాత పేరుతో పిలిచినవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.

ఆ తర్వాత నేను ఎప్పుడూ అడిగేది ఇల్లు. "మీ పుట్టిల్లు ఎలా ఉండేది" అని కాదు, అలా అడిగితే "బాగుండేది" అంటారు. "వీధి గుమ్మం దగ్గర నిలబడ్డావ్, లోపలికి నడువు, ఎడమ చేతి పక్క ఏముంది?" అని అడగండి. "ఎడమ పక్క గాదె. కుడి పక్క నాన్న మంచం. ఇంకా లోపలికి పోతే వంటిల్లు, పొగ గూడు, దానెనక పెరడు, బావి, బావి పక్కన ఉసిరి చెట్టు, దాని కింద..." అని కళ్ళు పైకెత్తి చూస్తూ చెప్పుకుంటూ పోతారు, చేతులు కూడా కదుల్తాయి, అదిగో అప్పట్నించి మీరు ప్రశ్నలు అడగక్కర్లేదు, "ఊ" అంటే చాలు. బావి దగ్గరికి రాగానే నీళ్ళు ఎవరు తోడేవాళ్ళు, ఎవరికి తోడనిచ్చేవాళ్ళు కాదు అని అడగండి. కులం గురించి నేరుగా అడిగితే "మా ఊళ్ళో అలాంటివేం లేవు" అంటారు, బావి గురించి, హోటల్లో గ్లాసుల గురించి, బళ్ళో ఎవరెక్కడ కూర్చున్నారు అన్నదాని గురించి అడిగితే నిజం వస్తుంది.

అలాగే వస్తువులు. ట్రంకు పెట్టె తెరిపించండి. పెళ్ళి శుభలేఖ, పాత రేషన్ కార్డు, పట్టా పాసుపుస్తకం, ఇత్తడి చెంబు మీద చెక్కించిన పేరు, సోల, తవ్వ, మానిక లాంటి పాత కొలపాత్రలు. గోడకున్న ఫోటోలు దించి ఒళ్ళో పెట్టి "వీళ్ళెవరు" అని ఒక్కొక్కరి మీద వేలు పెట్టించండి, ఆ వేలు కెమెరాలో పడేలా చూడండి. ఫోటో వెనక పేర్లు రాసుకున్న ఇళ్ళు చాలా తక్కువ, ఇంకో తరం పోతే ఆ ఫోటోలో ఉన్నది ఎవరో చెప్పేవాళ్ళుండరు.

పనికొచ్చే ప్రశ్నలు

ఏ రోజుకారోజు ఒక అంశం పెట్టుకోండి, చిన్నతనం ఒకరోజు, పెళ్ళి, కాపురం ఒకరోజు, పని, డబ్బు ఒకరోజు. ప్రశ్నల కాగితం చేతిలో పట్టుకుని ఒకదాని తర్వాత ఒకటి చదవకండి, ఇంటర్వ్యూకి వచ్చిన ఆఫీసర్‌లా ఉంటుంది. కాగితం పక్కన ఉండాలి, ఆగిపోయినప్పుడు మాత్రం చూసుకోవాలి.

పొద్దున చద్దన్నంలోకి ఏం నంజుకునేవాళ్ళు? వరన్నం రోజూ ఉండేదా, పండగలకేనా, మిగతా రోజులు జొన్న రొట్టా, గటకా, సంగటా? మొదటిసారి కరెంటు బల్బు ఎక్కడ చూశావ్? టూరింగ్ టాకీస్‌లో నేల టికెట్ ఎంత, ఎవరితో వెళ్ళావ్, ఇంట్లో చెప్పే వెళ్ళావా? బళ్ళో ఏ భాషలో చెప్పారు (నిజాం రాజ్యంలో చదివినవాళ్ళకి ఉర్దూ మీడియం, వాళ్ళని ఉర్దూలో ఒక పద్యమో లెక్కో చెప్పమనండి, ఇంకా వస్తుంది)? చదువు ఎందుకు ఆగిపోయింది, ఎవరు ఆపారు? పెళ్ళిచూపుల్లో తాతయ్యని సరిగ్గా చూశావా? పెళ్ళి ఎన్ని రోజులు చేశారు, ఎడ్లబళ్ళు ఎన్ని కట్టారు? అత్తారింట్లో మొదటి రోజు ఏం వండమన్నారు? నీ చేతికి డబ్బు మొదటిసారి ఎప్పుడొచ్చింది, దాంతో ఏం కొన్నావ్? వరినాట్లప్పుడు ఏం పాట పాడేవాళ్ళు?

పాట అనగానే సిగ్గుపడతారు, "గొంతు పోయింది" అంటారు, కాస్త బతిమాలండి. నాటు పాటలు, దంపుడు పాటలు, బతుకమ్మ పాటలు, లాలి పాటలు, మంగళహారతులు, ఆ ఊరి వరస ఆ ఊరిదే, ఎక్కడా దొరకదు. వంట కూడా అంతే, కుర్చీలో కూర్చుని ఆవకాయ కొలతలు చెప్పమంటే తప్పులు చెప్తారు, వంటింట్లోకి తీసుకెళ్ళి చేయిస్తే చెయ్యే చెప్తుంది, అప్పుడు కెమెరా మొహం మీద కాదు చేతుల మీద ఉంచండి.

పెద్ద ప్రశ్నలు (నీ జీవితంలో నేర్చుకున్నదేమిటి, మాకు నువ్విచ్చే సలహా ఏమిటి) నేను అడగను. అడిగితే నీతులు చెప్తారు, ఆ నీతులు ఎవరైనా చెప్పేవే.

కష్టమైన సంగతులు

అమ్మమ్మని "నీకు ఎంతమంది పిల్లలు" అని అడిగితే ఉన్నవాళ్ళ లెక్క చెప్తుంది. "ఎన్ని కాన్పులు" అని అడిగితే ఇంకో లెక్క వస్తుంది. ఆ తేడాలో ఉన్న పిల్లల పేర్లు మీ అమ్మకి కూడా తెలిసుండకపోవచ్చు. ఈ ప్రశ్న మొదటి రోజు అడగొద్దు, రెండో రోజో మూడో రోజో, గదిలో మీరిద్దరే ఉన్నప్పుడు అడగండి. "ఎనిమిది" అని, కాసేపు ఆగి, "ఐదుగురు దక్కారు" అంటుంది. అప్పుడు మీరు ఏం మాట్లాడకండి. ఆ ఖాళీ మనకి భరించడం కష్టంగా ఉంటుంది, ఏదో ఒకటి అనేసి నింపేద్దామనిపిస్తుంది, పోనీలే అమ్మమ్మా అనాలనిపిస్తుంది, అన్నారంటే కథ అక్కడితో ఆగిపోతుంది. ఆగితే ఆమే చెప్తుంది, పురుడు పోసిన మంత్రసాని పేరు, జ్వరం వచ్చిన రోజు, టౌన్‌కి బండి కట్టేలోపు ఏమైందో. ఏడిస్తే ఏడవనివ్వండి, మంచినీళ్ళు పక్కన ముందే పెట్టుకోండి, చెయ్యి పట్టుకోండి, కెమెరా ఆపాలా అని అడగండి. ఆపమంటే వెంటనే ఆపేయండి. వద్దు చెప్తా అంటే వినండి. ఆ రోజుకి అదే చివరి సంగతి కావాలి, వెంటనే వేరే ప్రశ్నకి దూకొద్దు, లేచి కాఫీ పెట్టుకుని మామూలు కబుర్లలోకి తీసుకురండి.

తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ మాటలు స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం వాళ్ళు ఇలా కూర్చుని విని రికార్డ్ చేసుకుని 1980లలో పుస్తకం వేసేదాకా, అడవుల్లో తుపాకులు మోసిన ఆడవాళ్ళ సంగతి వాళ్ళ నోటి నుంచి విన్నవాళ్ళు చాలా తక్కువ. మన ఇళ్ళలో అంత పెద్ద కథ ఉండకపోవచ్చు కానీ ఆడవాళ్ళ సంగతి ఎవరూ అడగలేదన్నది మాత్రం అన్ని ఇళ్ళలోనూ ఒకటే.

మగవాళ్ళతో ఇబ్బంది వేరే. తాతయ్యలు ఉద్యోగం, భూమి, రాజకీయం అయితే గంటలు గంటలు చెప్తారు, తమ గురించి చెప్పరు. వాళ్ళని వాళ్ళ నాన్న గురించి అడగండి, ఎప్పుడు కొట్టాడు, ఎందుకు కొట్టాడు, ఆఖరిసారి ఏం మాట్లాడుకున్నారు అని. అక్కడ మెత్తబడతారు.

పక్కనుండే వాళ్ళ సంగతి

అమ్మమ్మని అడిగితే తాతయ్య జవాబు చెప్పడం ప్రతి ఇంట్లో జరుగుతుంది. "అది 71 కాదే, 72" అని ఒకసారి సరిచేశారంటే ఆవిడ ఇంక "ఆయన్నడుగు, ఆయనకే తెలుసు" అని ఊరుకుంటుంది. తాతయ్యని ఆ టైముకి బజారుకి పంపండి, మావయ్యతో చెప్పి పొలం దాకా తీసుకెళ్ళమనండి, ఏదో ఒకటి చేయండి. ఇద్దరినీ కలిపి కూడా ఒక విడత తీయండి గానీ అది చివర్లో, అప్పుడు వాళ్ళిద్దరూ పోట్లాడుకోవడం కూడా బాగుంటుంది. కెమెరా పట్టుకున్న మీరు కూడా తప్పులు దిద్దకండి. చెప్పిందే మళ్ళీ చెప్తున్నా వినండి, రెండోసారి చెప్పినప్పుడు కొత్త ముక్క ఒకటి కలుస్తుంది.

అయిపోయింది అన్నాక వెంటనే రికార్డింగ్ ఆపకండి. "హమ్మయ్య" అని కాళ్ళు చాపుకున్నాక అసలు కబుర్లు మొదలవుతాయి. "ఇంకా నడుస్తోంది అమ్మమ్మా, ఉంచనా" అని అడిగి ఉంచండి.

మతిమరుపు జబ్బు మొదలైనవాళ్ళతో అయితే "గుర్తుందా" అన్న మాటే వాడొద్దు, గుర్తు లేకపోతే చిన్నబుచ్చుకుంటారు. ఫోటో, పాట, చేతికి ఒక వస్తువు ఇచ్చి ఊరుకోండి, పది పదిహేను నిమిషాలు చాలు. నిన్నటి సంగతి లేకపోయినా చిన్ననాటి సంగతి ఉంటుంది.

అమెరికాలో, ఇంకెక్కడో ఉన్నవాళ్ళు

వీడియో కాల్ రికార్డ్ చేస్తే నెట్ తెగి మాటలు మింగుతుంది. ఇంట్లో ఎవరైనా, ఇంటర్ చదివే కజిన్ అయినా సరే, పక్కన ఇంకో ఫోన్ పెట్టి మామూలుగా వీడియో తీయమనండి, మీరు కాల్‌లో ప్రశ్నలు అడగండి, ఆ ఫైల్ తర్వాత డ్రైవ్‌లో పెట్టించుకోండి. అమ్మమ్మా తాతయ్యా మీ దగ్గర ఆర్నెల్లు ఉండడానికి వచ్చినప్పుడు అయితే ఇంకా మంచిది, అక్కడ వాళ్ళకి పొద్దుపోదు, పక్కింటికెళ్ళి కబుర్లు చెప్పే వీలుండదు, మీరు అడిగితే సంతోషంగా చెప్తారు. వచ్చిన మొదటి వారం వద్దు, నిద్ర వేళలు సర్దుకోవాలి.

తీశాక చేయాల్సింది, అదే రోజు

వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నాణ్యత పోతుంది. పంపాల్సొస్తే డాక్యుమెంట్‌గా పంపండి, అలా 2 జీబీ వరకు వెళ్తుంది. అసలు ఫైల్ ఆరోజు రాత్రే ల్యాప్‌టాప్‌లోకి, అక్కడి నుంచి ఒక హార్డ్ డిస్క్‌లోకి, ఇంకో కాపీ క్లౌడ్‌లోకి. గూగుల్‌లో ఉచితంగా వచ్చేది 15 జీబీ, అది మెయిల్‌తో ఫోటోలతో కలిపి, కాబట్టి రెండు విడతలకే నిండుతుంది, కొంత డబ్బు కట్టి పెంచుకోక తప్పదు. ఒక హార్డ్ డిస్క్ మీ ఇంట్లో ఉంటే ఇంకోటి వేరే ఊళ్ళో ఉన్న అక్క దగ్గరో బావ దగ్గరో ఉండాలి. పెన్‌డ్రైవ్‌ని నమ్మొద్దు.

ఫైల్ పేరు ఫోన్ ఇచ్చిన అంకెలతో వదిలేయకండి. సంవత్సరం, నెల, తేదీ, మనిషి పేరు, అంశం, ఈ వరసలో పెట్టండి, "2025-02-11 అమ్మమ్మ పుట్టిల్లు" లాగ, అప్పుడు వాటంతట అవే వరసలో ఉంటాయి. తర్వాత ఒకసారి మొత్తం వింటూ ఒక షీట్‌లో ఏ నిమిషానికి ఏ సంగతి ఉందో రాయండి: 04:10 బావి, 11:30 చిన్నత్త పెళ్ళి, 23:00 స్కైలాబ్. విసుగు పుట్టే పనే, కానీ ఇది లేకపోతే ఆరు గంటల వీడియోలో ఎవరూ ఏదీ వెతకరు. వచ్చిన ప్రతి మనిషి పేరు, ఊరి పేరు పక్కన రాసి, స్పెల్లింగ్ వాళ్ళనే అడిగి సరిచూసుకోండి.

మాటని టెక్స్ట్ చేసే యాప్‌లు తెలుగుకి ఇప్పుడు పర్వాలేదు గానీ యాస దగ్గర, పాత మాటల దగ్గర తప్పులు రాస్తాయి, అది ఇచ్చింది తీసుకుని వింటూ దిద్దుకోండి. దిద్దేటప్పుడు వాళ్ళ మాటని పుస్తకాల తెలుగులోకి మార్చొద్దు. "పోయింది"ని వాళ్ళు "ఓయింది" అంటే "ఓయింది" అనే రాయండి.

ఎడిటింగ్ అంటే మొదట్లో, చివర్లో అనవసరమైనది కోయడం, పెద్ద ఖాళీలు కాస్త తగ్గించడం, అంతే. వెనక వీణ సంగీతం పెట్టొద్దు దయచేసి. కోసింది వేరే ఫైల్‌గా సేవ్ చేసి అసలుది అలాగే ఉంచండి. చుట్టాలకి చూపించడానికి పది నిమిషాల ముక్కలు చేస్తే చూస్తారు, గంట వీడియో పంపితే "బాగుంది" అని బొటనవేలు పెట్టి ఊరుకుంటారు. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ పెడితే లింక్ ఎవరి చేతిలో పడినా చూడొచ్చు, ప్రైవేట్ పెడితే మీరు మెయిల్ ఐడీ ఇచ్చినవాళ్ళే చూస్తారు, ముందు చెప్పిన పొలం సంగతులు అవీ ఉంటే ప్రైవేటే పెట్టండి.

పంపిన వారంలోపు ఫోన్లు మొదలవుతాయి. "అత్త చెప్పింది తప్పు, ఆ బండి మాది కాదు, మీ పెదతాత వాళ్ళది" అని ఒకరు, "ఆ పెళ్ళికి నేనూ ఉన్నా, అలిగింది వాళ్ళు కాదు, మేము" అని ఇంకొకరు. ఎవరిది నిజం అని తేల్చాలని కూర్చోకండి. "బాబాయ్, అదే సంగతి ఈ ఆదివారం నువ్వు చెప్పు, నేను వస్తున్నా" అని డేట్ తీసేసుకోండి, వెళ్ళేటప్పుడు మైకు, ఫోన్ ఛార్జర్ మర్చిపోకండి.